అందాజు రాసుకోండి, ఆ తర్వాతే సూది గుచ్చుకోండి

కొన్నేళ్ల కిందటి సంగతి. జుహర్ నమాజు తర్వాత ఉర్దూ తరగతి నడుస్తోంది. పదేళ్ల కుర్రవాడొకడు నిలబడి పాఠం చదువుతున్నాడు. ఒక పదం దగ్గర ‘తప్పు’ అన్నాను. వాడు మళ్లీ చదివాడు. మళ్లీ తప్పన్నాను. మూడోసారి కూడా వాడు అలాగే చదివేసరికి నాకు పట్టరాని కోపం వచ్చింది. పుస్తకం లాక్కుని, నోటికొచ్చినట్టు తిట్టి, గది బయట నిలబెట్టాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి నా చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్క తరగతి మౌల్వీ సాహెబ్ నా మొహం చూసి, నా సంచీలోంచి మీటరు తీసి వేలు గుచ్చారు. 52. వెంటనే గ్లాసుడు నీళ్లలో చక్కెర కలిపి తాగించారు. అరగంట తర్వాత స్థిమితపడి ఆ పుస్తకం తెరిచి చూశాను. కుర్రవాడు చదివిందే సరైనది. అక్షరం మీద రెండు నుక్తాలుంటే నాకు ఒకటే కనిపించింది. ‘తే’ను ‘నూన్’ అనుకున్నాను.

మరునాడు తరగతి అందరి ముందూ ఆ పిల్లవాణ్ణి క్షమాపణ అడిగాను. వాడు నవ్వి, ‘పర్వాలేదు హజ్రత్’ అన్నాడు. కాని నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. షుగరు ఒక్కసారిగా 52కు పడిపోదు. దారిలో 80 ఉంటుంది, 70 ఉంటుంది, 60 ఉంటుంది. ఆ మెట్లు దిగుతున్నప్పుడు నా ఒళ్లు నాకేమీ చెప్పలేదా? లేక చెప్పినా నేను వినలేదా?

శరీరానికి మన మీద హక్కు ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. హక్కు ఉన్నవాడు పిలిస్తే పలకాలి కదా! పలకాలంటే ముందు ఆ పిలుపు వినడం నేర్చుకోవాలి. ఈ వారం ఆ చదువు గురించే మాట్లాడుకుందాం.

ఒంట్లో మోగే రెండు గంటలు

మధుమేహం నేడు ఏ ఇంటికీ కొత్త కాదు. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెల్లడించాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మన బంధువర్గాన్ని ఒక్కసారి లెక్క పెట్టి చూడండి. పెళ్లిలో ఒక దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారిలో ‘నాకు మీఠా వద్దు’ అనేవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

షుగరు పెరిగితే ప్రమాదమని అందరికీ తెలుసు. పడిపోతే అంతకంటే తొందరగా ప్రమాదమని చాలామందికి తెలియదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటే తగ్గితే దాన్ని పతనంగా లెక్కించాలని వైద్యుల నియమం. 54 కంటే తగ్గితే అది తీవ్రమైన సంగతి.

అల్లాహ్ మన ఒంట్లో దీనికి రెండు హెచ్చరిక గంటలు అమర్చాడు. చక్కెర 70కి అటూ ఇటూగా దిగినప్పుడు మొదటి గంట మోగుతుంది. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చల్లని చెమట పడుతుంది, ఆకలి దంచేస్తుంది, కారణం లేకుండా కంగారు పుడుతుంది. అప్పటికీ ఏమీ తినకపోతే, 55కి దిగువన రెండో గంట మోగుతుంది. ఇది మెదడు మోగించే గంట. మెదడు శరీరం బరువులో నూటికి రెండు వంతులే అయినా, మనం తినే శక్తిలో అయిదో వంతు అదే ఖర్చు చేస్తుంది. దానికి చక్కెర అందకపోతే చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, లెక్క తప్పుతుంది, కోపం వస్తుంది. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం, కొన్నిసార్లు ప్రాణాపాయం.

రెండో గంటలో ఒక చిక్కు ఉంది. దాన్ని వినవలసిన మెదడే అప్పటికి సరిగా పనిచేయడం లేదు. అందుకే నేను నుక్తా తప్పు చూసి కూడా, తప్పు పిల్లవాడిదే అని గట్టిగా నమ్మాను. కాబట్టి మొదటి గంటనే పట్టుకోవాలి.

మొదటి గంట మూగబోతే

‘నాకు షుగరు పడిపోతే తెలిసిపోతుందిలే’ అని ధీమాగా ఉండేవారు ఈ మాట జాగ్రత్తగా చదవాలి. ఏళ్ల తరబడి ఇన్సులిన్ వాడేవారిలో మొదటి గంట క్రమంగా మూగబోవచ్చు. మొదటి రకం మధుమేహం ఉన్న పెద్దవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇలా జరుగుతుందని అంచనా. పతనం మాటిమాటికీ జరుగుతుంటే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. ఇవాళ ఒకసారి 50కి పడిపోతే, రేపు 60 దగ్గర మోగవలసిన గంట మోగదు. అంటే ఒక పతనం రెండో పతనానికి దారి చేసి పెడుతుంది.

రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు, అంటే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటివి, వణుకునూ గుండెదడనూ కప్పేస్తాయి. చెమటను మాత్రం అవి ఆపవు. కనుక ఆ మాత్రలు వాడేవారు చెమటనే నమ్ముకోవాలి.

దీనికి తిరుగుదారి కూడా ఉంది. కొన్ని వారాలపాటు చక్కెరను 70 దిగువకు పోనివ్వకుండా జాగ్రత్తపడితే మూగబోయిన గంట మళ్లీ మోగుతుందని 1993, 1994 సంవత్సరాల్లో ఇటలీ, బ్రిటన్, అమెరికా పరిశోధకులు నిరూపించారు. ఈ పని డాక్టరుగారితో కలిసి మందు మోతాదు సవరించుకుంటూ చేయాలి, సొంతంగా కాదు.

ఇక పెరిగిన షుగరు సంగతి వేరు. దానికి గట్టి గంట లేదు. సాధారణంగా 180 దాటాక మూత్రంలో చక్కెర పోవడం మొదలై దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం వస్తాయి. చాలామందికి 250 ఉన్నా ఏమీ తెలియదు. ఎప్పుడూ 300లో ఉండేవారికి 110కి దిగితేనే వణుకు పుడుతుంది. వాళ్లు ‘పడిపోయింది’ అని మిఠాయి తింటారు. నిజానికి పడిపోలేదు. అలవాటైన ఎత్తు నుంచి మంచి చోటుకు దిగింది, అంతే.

వర్జీనియాలో మొదలైన చదువు

ఒంటి కబురును నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చునని 1980లలో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో కొందరు కనిపెట్టారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కాక్స్, లిండా గోండర్ ఫ్రెడరిక్, పిల్లల వైద్యుడు విలియం క్లార్క్ వారిలో ముఖ్యులు. వారు రూపొందించిన శిక్షణను రక్తంలో గ్లూకోజు ఎరుక శిక్షణ అనవచ్చు.

పద్ధతి చాలా తేలిక. మీటరు వేసే ముందు రోగి ఒక్క నిమిషం ఆగాలి. ఒంట్లో ఏముందో చూసుకోవాలి. ‘ఇప్పుడు ఇంత ఉంటుంది’ అని అందాజు వేసి కాగితం మీద రాయాలి. ఆ తర్వాతే వేలు గుచ్చాలి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇలా వారాల తరబడి చేస్తే, ఏ లక్షణం నిజం చెబుతుందో, ఏది అబద్ధం చెబుతుందో తేలుతుంది.

వారు కనుగొన్న ముఖ్యమైన సంగతి, ఈ లక్షణాలు మనిషికొక తీరుగా ఉంటాయని. ఒకరికి చెమట, ఒకరికి పెదవుల చుట్టూ తిమ్మిరి, ఒకరికి ఆవులింత, ఒకరికి ఊరికే ఏడుపు. పుస్తకంలో ఉన్న పట్టిక అందరికీ సరిపోదు. ఎవరి పట్టిక వాళ్లే రాసుకోవాలి.

అన్ని పొరపాట్లూ ఒకటి కావని కూడా వారు చెప్పారు. అసలు 110 ఉంటే మీరు 140 అనుకున్నారు, నష్టం లేదు. అసలు 55 ఉంటే 150 అనుకున్నారు, అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాను చూపడానికి 1987లో వారు ఒక గళ్ల పటం ప్రచురించారు. రోగుల అందాజులను తూచడానికి పుట్టిన ఆ పటంతోనే తర్వాత ప్రపంచమంతా మీటర్లను తూచడం మొదలుపెట్టారు. ఆ పటానికి క్లార్క్ పేరే నిలిచింది.

ఈ శిక్షణ పొందినవారిలో తీవ్రమైన పతనాలు, బండి నడుపుతూ చేసే తప్పులు తగ్గాయని కాక్స్ బృందం 2001లో ప్రకటించింది. జర్మనీ, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ దేశాల్లో కూడా ఇదే పద్ధతిని నేర్పారు.

మన నోటు పుస్తకంలో నాలుగు గళ్లు

దీనికి వర్జీనియా వెళ్లనక్కరలేదు. పిల్లల పాత నోటు పుస్తకం, ఒక పెన్ను చాలు. పేజీకి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో సమయం, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మందు వేసుకున్నారు, ఏం పని చేశారు. రెండో గడిలో ఒంట్లో ఏమనిపిస్తోంది. మూడో గడిలో అందాజు. నాలుగో గడిలో మీటరు చెప్పిన అంకె.

మొదటి గడి చిన్నదని వదిలేయకండి. అందాజు గాలిలోంచి రాదు. ఇన్సులిన్ ఎప్పుడు పనిచేస్తుందో తెలిస్తే సగం అందాజు తెలిసినట్టే. మనలో చాలామంది వాడే 30/70 ఇన్సులిన్‌లో రెండు రకాలు కలిసి ఉంటాయి. త్వరగా పనిచేసేది టిఫిన్ సంగతి చూస్తుంది. నిదానంగా పనిచేసేది మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. ఆ రోజు నేను చోడి అంబలి సగం గ్లాసు తాగి బడికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం తర్వాత చేద్దామని వాయిదా వేశాను. గడియారం చూసి ఉంటే 52 నాకు ముందే తెలిసి ఉండేది.

నేను మొదటి రెండు వారాల్లో ముప్ఫయి సార్లు అందాజు రాశాను. సగానికి పైగా తప్పాయి. సిగ్గనిపించింది. కాని నెల తిరిగేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి. చేతుల వణుకు నా విషయంలో నమ్మదగ్గది కాదు. టీ ఎక్కువైనా వణుకుతాయి, బడి మెట్లు ఎక్కినా వణుకుతాయి. కాని పై పెదవి తిమ్మిరెక్కి, తస్బీహ్ లెక్క తప్పితే, మీటరు దాదాపు ప్రతిసారీ 70 లోపే చూపించింది. ముప్ఫయి మూడు ఎక్కడ ఆపానో తెలియక మళ్లీ మొదలుపెట్టిన రోజున సూది గుచ్చుకోవాలన్నమాట. ఈ రెండు గుర్తులూ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నోటు పుస్తకం చెప్పింది.

రోజూ నాలుగుసార్లు గుచ్చుకోవడం అందరికీ సాధ్యం కాదని తెలుసు. స్ట్రిప్పులకు డబ్బు కావాలి. కనుక డాక్టరు చెప్పిన వేళల్లో చేసే పరీక్షకే అందాజు జోడించండి. అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. ఒంట్లో తేడాగా అనిపించిన వేళ మాత్రం స్ట్రిప్పు దాచుకోకండి. నేడు చేతికి అతికించుకునే సెన్సర్లు కూడా వచ్చాయి. స్తోమత ఉన్నవారు డాక్టరును అడగవచ్చు.

ఒక హెచ్చరిక. అందాజు మీటరుకు బదులు కాదు. అందాజును నమ్మి ఇన్సులిన్ మోతాదు ఎన్నడూ మార్చకండి. అందాజు మనల్ని మీటరు దగ్గరికి నడిపించే తోడు మాత్రమే.

ఇంట్లోవాళ్ల కళ్లు

మనకంటే ముందు మన షుగరు మన ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మా ఇంటామె ఇప్పుడు నా గొంతు వింటేనే పసిగడుతుంది. ‘జీ, మాట బిగుసుకుంది, ఓసారి సూది గుచ్చుకుని చూడండి’ అంటుంది. మొదట్లో ‘నాకేం కాలేదు’ అని కసిరేవాణ్ణి. ఆ కసురు కూడా పతనం లక్షణమేనని నోటు పుస్తకం రుజువు చేసింది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆమె అడిగితే వాదించకుండా వేలు చాపాలి. అంకె బాగుంటే ఆమె ఏమీ అనదు.

అమ్మీకో, దాదాకో, మామూకో షుగరు ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటి ఒప్పందం ఒకటి ఉండాలి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి చిరాకు పడితే ‘ముసలితనం’ అని కొట్టిపారేయకండి. రాత్రి నిద్రలో కలవరించినా, తెల్లారేసరికి పక్క చెమటతో తడిసి ఉన్నా, తలనొప్పితో లేచినా షుగరును అనుమానించండి.

ఉద్దానం కుటుంబాలకు ఒక మాట

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లోని మనవారికి ఇది ప్రత్యేకం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. షుగరు లేనివారికి కూడా అది వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

షుగరు ఉన్నవారికి ఆ జబ్బు కూడా తోడైతే ఒక సంగతి మారిపోతుంది. ఇన్సులిన్‌ను శరీరం నుంచి తొలగించే పనిలో మూత్రపిండాలకు పెద్ద భాగం ఉంది. అవి మందగిస్తే నిన్నటి మోతాదే నేడు ఎక్కువవుతుంది. గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు ఒంట్లో నిలిచిపోయి గంటల తరబడి, ఒక్కోసారి రోజుకు పైగా చక్కెరను కిందికి లాగుతాయి. ‘పథ్యం ఏమీ చేయకుండానే షుగరు బాగా తగ్గింది’ అని సంతోషించేవారు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. అది నయం కావడం కాకపోవచ్చు, కిడ్నీ పంపిన కబురు కావచ్చు.

రంజాన్ నెలలో

మన ఇళ్లలో ఈ చదువు ఎక్కువగా అక్కరకొచ్చేది రంజాన్‌లో. 2001లో 13 దేశాల్లో 12 వేలమందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించగా, రంజాన్ నెలలో తీవ్రమైన పతనాలు మొదటి రకం రోగుల్లో 4.7 రెట్లు, రెండో రకం వారిలో 7.5 రెట్లు పెరిగినట్టు తేలింది.

ఖుర్ఆన్‌లో సూరె బఖరాలో రోజా ఆదేశం ఉన్నచోటే రోగికి వెసులుబాటు కూడా ఉంది. ఆ రోజులను తర్వాత పూర్తి చేయవచ్చు, అది ఎన్నటికీ వీలుపడనివారికి ఫిద్యా ఉంది. ఆ వెసులుబాటును వాడుకోవడం ఈమాన్ తక్కువ కావడం కాదు. ఇచ్చినవాడి కానుకను స్వీకరించడం.

రోజా ఉండగలరా లేదా అన్నది నెల మొదలు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును అడగాలి. మందుల వేళలు, మోతాదు మార్చవలసి ఉంటుంది. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా భంగం కాదని వైద్యులు, ఉలమాలు కలిసి చెప్పిన మాట. రోజాలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలన్నది అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాల్లోని నియమం. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా ఈ నియమం మారదు. సహరీ మానకండి, దాన్ని వీలైనంత ఆలస్యంగా తినండి. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా ఉన్న వేళ ఎక్కువ జాగ్రత్త అవసరం. తరావీహ్ కూడా శరీరానికి శ్రమేనని గుర్తుంచుకోండి.

ఆ నెలలో ఒక చిక్కు ఉంది. ఆకలి, నీరసం అందరికీ ఉంటాయి. అవి రోజా వల్లనా, పతనం వల్లనా? మిగిలిన పదకొండు నెలల్లో సొంత గుర్తులు తెలుసుకున్నవారికే ఆ తేడా తెలుస్తుంది.

పడిపోయినప్పుడు చేయవలసింది

మీటరు దగ్గర ఉంటే చూడండి. లేకపోతే అనుమానం మీదనే తినండి. మూడు చెంచాల గ్లూకోజు లేక చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. పెరిగాక రొట్టో, అన్నమో కొంచెం తినాలి. చాక్లెట్, పాలు, బర్ఫీ నిదానంగా పనిచేస్తాయి. ఖర్జూరం మంచిదే గాని గ్లూకోజంత వేగం దానికి లేదు. వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వాడేవారికి చక్కెర త్వరగా ఎక్కదు, గ్లూకోజే వాడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి.

ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఈమధ్య ఈద్ రోజు గలే మిల్తూ నవ్వుతూ అడిగాడు, ‘హజ్రత్, ఇప్పుడు మీ అందాజు ఎంత?’ అని. ‘నూట ముప్ఫయి’ అన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే 141. నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఈ శుక్రవారం జుమా నుంచి ఇంటికి వెళ్లాక మీరూ ఒక పేజీకి నాలుగు గళ్లు గీయండి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారి పక్కన కూర్చుని మొదటి అందాజు మీరే రాయించండి. ఒంటి కబురు వినే ఓపికనూ, ఎదుటివాడిని నొప్పించకుండా ఆగే నిగ్రహాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.